నీళ్ళలో దిగుతానన్న మాట

ఆదివారం రాత్రి, మదనపల్లె.

కుప్పం దగ్గరి రిసార్టుకు వెళ్ళి వచ్చాం. అందరికీ హాయిగా గడిచిందట. నాకు మాత్రం ఒళ్ళు మండుతోంది, ఎవరి మీదో రాస్తే గానీ తేలదు.

అలల కొలనులో తనతోపాటు దిగుతానని మనవరాలు మేఘనకు వారం ముందే మాటిచ్చాను. తీరా అక్కడికి వెళితే చీరతో దిగకూడదట. నైలాను టీషర్టు, మోకాళ్ళు కనబడే నిక్కరు వేసుకోవాలట. ముప్పై రెండేళ్ళు పాఠాలు చెప్పిన దాన్ని, నిక్కరు వేసుకోవాలా?

"అందురూ అదే ఏసుకుండారు కదమ్మా, నీకొక్కదానికేనా సిగ్గు?" అన్నాడు కొడుకు.

"నేను మాట తప్పితే గుంజీళ్ళు తీయిస్తావు. మరి నీకెన్ని అవ్వా?" అంది మేఘన.

ఇద్దరినీ కసిరాను. అయిదు గంటలపాటు గట్టున ఊరికే కూర్చున్నాను. నాలుగూ నలభైకి ఉండబట్టలేక ఆ దుస్తులు అడిగి తీసుకుని, మార్చుకుని వచ్చాను. సరిగ్గా అప్పుడే కొలను మూసే వేళయిందని ఈల ఊది అందరినీ బయటికి రమ్మన్నారు. అయిదు నిమిషాలు ఆగమన్నా వినలేదు.

మేఘన నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పక్కన కూర్చుని, తన తడి తువ్వాలు నా మోకాళ్ళ మీద కప్పి, "ఇంగ ఎవురికీ కనబడవులే అవ్వా" అంది.