అన్న కన్ను పోయిన ఆదివారం

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. కట్టంగూరు చర్చి గుడిలో నువ్వు ఉపదేశిగా ఊరికి నేర్పిన లాటిన్ పూజ, తెలుగు పూజ వచ్చాక ఆగిపోయిన ఆ పాత పూజ కోసం మొన్న ఆదివారం నెత్తురు పారింది.

ఎక్కడో విదేశంలో ఒక ముసలి బిషప్, లాటిన్ పూజే ఉండాలని పట్టుబట్టి, పోపుగారి అనుమతి లేకుండా నలుగురిని బిషప్పులుగా అభిషేకించాడట. పోపుగారు వాళ్లను వెలివేశారు. అన్న మాత్రం ఆ ముసలాయన పక్షమే. పాత పూజ చెప్పించడానికి ఆ ముసలాయన వర్గం ఫాదర్‌ను మన గుడికి పిలిపించాడు. నా పెనిమిటి జోసెఫ్ పదిమందితో వచ్చి గుడి తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"పోపును కాదన్నోడు మన గుడిల అడుగు పెట్టద్దు!" అని అరిచాడు.

"మా బాపు నేర్పిన పూజ గిది. జరుగు బావా!" అంటూ అన్న తోశాడు.

జోసెఫ్ ఇత్తడి కొవ్వొత్తి స్తంభం అందుకుని మొహం మీద కొట్టాడు. అన్న ఎడమ కన్ను పగిలిపోయింది. కొంగుతో అదిమిపట్టాను, నెత్తురు ఆగలేదు. అది చూసి జోసెఫే అన్నను రోడ్డు దాకా మోసి, లారీ ఎక్కించి, నాతోపాటు నల్లగొండ దవాఖానకు తెచ్చాడు.

"ఎవరు కొట్టిండ్రు?" అని పోలీసాయన అడిగాడు.

"మెట్ల మీద పడ్డ," అన్నాడు అన్న.

"పడలే సారూ. గీయనే కొట్టిండు," అని నా మొగుణ్ణి చూపించాను.

జోసెఫ్‌ను ఎక్కించుకుని పోలీసు జీపు వెళ్లిపోయాక అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎందుకు చెప్పినవే? నీ సంసారం పాయె."

"నీ కన్ను పాయె గదన్నా," అన్నాను.