తగలని కర్ర

శనివారం రాత్రి, సెంగ్‌కాంగ్, సింగపూర్

మూడో గుడారం కూడా వచ్చింది. పట్టీ తీయగానే గొడుగులా విచ్చుకుని హాలంతా ఆక్రమించింది. టీపాయ్ వంటగదిలోకి పోయింది.

ఆ మధ్య ఒక రోజు లంచ్‌లో మా ఆస్ట్రేలియా బాస్ "మా అన్న పొలంలో అడవిపందుల వేటకి వస్తావా?" అనగానే ష్యూర్ అనేశాను. ఆదివారాలు క్లబ్బులో కాగితం మీద బాణాలు వేసుకునేవాణ్ణి, ప్రాణం మీద వేయగలనా? అప్రైజల్ ముందు కాదనడానికి నోరు రాలేదు. మాటు వేసే గుడారం నన్నే చూసుకోమన్నాడు.

అందులోనే తప్పించుకునే దారి ఒకటి కనిపించింది. నాది పాతకాలపు పొడుగు విల్లు. చాలా గుడారాల్లో దాని పై కొన కప్పుకి తగులుతుంది. విల్లు క్లబ్బులోనే ఉంటుంది కాబట్టి, బట్టలారేసే వెదురు కర్రని అంత పొడవుకి కోసి, లోపల స్టూలు మీద కూర్చుని చూస్తున్నాను. మొదటి రెండూ తగిలాయి. హాయిగా వెనక్కి పంపేసి, "ఇంకా వెతుకుతున్నా" అని బాస్‌కి మెసేజ్ పెట్టాను.

ఇవాళ కర్ర ఎత్తితే ఇంకా జానెడు ఖాళీ మిగిలింది.

"తగులుతోందా అండీ?" బయటి నుంచి శైలజ.

"తగులుతోంది."

కిటికీలోంచి మా అమ్మాయి తల దూర్చింది. "నో లా, నాన్నా! నాట్ టచింగ్!"

"హమ్మయ్య, ఉంచేసుకుందాం," అని శైలజ అట్టపెట్టె చించి కింద పడేసొచ్చింది. పెట్టె లేకపోతే వెనక్కి తీసుకోరు.

దీన్ని మడవడం ఎవరికీ రాక, లోపలే కూర్చుని రాస్తున్నాను. ఇప్పుడే బాస్ మెసేజ్, దొరికిందా అని.

దొరికిపోయింది నేనే.