మావోడు

కడప,
ఆదివారం ఉదయం.

అమ్మా హర్షిణీ,

మామ దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. ముందుగా ఆ మాట రాసేస్తే నీ మనసు కుదుటపడుతుందని రాశాను, అది నిజం కూడా. దాని తర్వాత రాయాల్సింది మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నలభై ఏళ్లుగా నా గొంతులోనే ఉండిపోయింది. ఎమ్మిగనూరులో ఒక నేత ఇంట్లో, మగ్గం పక్కన కూర్చుని, నేనొక తల్లికి మాటిచ్చాను. "నీ పేరు యాడా రాయనమ్మా" అన్నాను. ఆ మాట నిలవలేదు. తప్పింది నేను కాదు. నేనిచ్చిన మాటను ఇంకొకరు తప్పారు.

మొన్న నువ్వు ఫోనులో ఫెలోషిప్ వచ్చిందని ఎంతో సంతోషంగా చెప్పి, అది ఎవరి జ్ఞాపకార్థం ఇస్తున్నారో చెప్పగానే నేను ఫోను పెట్టేశాను. పెట్టేసింది నీ మీద కోపంతో కాదమ్మా. ఏమీ అర్థంకాక ఉత్తరం రాశావు. "ఒప్పుకోమంటారా, వద్దంటారా మామయ్యా? మీరు వద్దంటే మానేస్తాను. ఎందుకో మాత్రం చెప్పండి" అన్నావు. చెబుతాను. నీ మిగతా ప్రశ్నలకు జవాబులు రాసేసి అందులోకి వస్తాను.

నీ కూతురు తనూజ బాగానే తింటోంది. సంగటి ముద్దలో చెనిక్కాయల చట్నీ పెడితే మారాం చేయడం లేదు. బడిలో 'మా కుటుంబం' అని బొమ్మ గీయమంటే అందరినీ వరసగా నిలబెట్టి గీసి, నిన్ను మాత్రం వాళ్ల నాయన చేతిలోని ఫోనులో గీసింది. నాకు మీసాలు కూడా కోపంగా ఉన్నట్టు గీసింది. మీ ఆయన సుధీర్ బండల ఫ్యాక్టరీలో కొత్త పాలిష్ మిషను పెట్టాడు. ఇంటికొచ్చాక కూడా నేల వంక చూసి ఎన్ని అడుగులుంటుందో చెబుతుంటాడు. నా మోకాలు నొప్పిగానే ఉంది, నాలుకకు మాత్రం ఏ నొప్పీ లేదని మీ అత్త అంటోంది. ఆమె నీకు రాయమన్న మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను: "ఈ ముసలాయన వారం నుంచి మూతి ముడుచుకోని కూచున్నాడని రాయి. ఉండేదేందో ఆయమ్మికి రాసి పారేసి, అన్నం తినమను."

నీ పరిశోధనలో వచ్చిన చిక్కు గురించి కూడా అడిగావు. ఫోన్లు పట్టుకుని ద్వేషం గుంపుల్లో చేరుతున్న పిల్లల దగ్గరికి నువ్వు వెళితే, వాళ్లు నీ ప్రశ్న వినకుండానే "నువ్వు ఎవరి మనిషివి?" అని అడుగుతున్నారన్నావు. దానికీ నా దగ్గర జవాబుంది. అది ఈ కథలోనే ఉంది.

ఆ ఫెలోషిప్ ఎవరి పేరు మీద ఉందో ఆయన్ను నేను 'గైడు' అనే రాస్తాను. ఆయన పేరు ఈ ఇంట్లో నేను పలకను. సుధీర్‌కు పుట్టినప్పటి నుంచీ ఆ సంగతి తెలుసు, కారణం మాత్రం మొన్నటి దాకా తెలియదు. గైడు తెలుగువాడే. పెరిగింది బొంబాయి, చదివింది విదేశం. తెలుగు వాళ్లమ్మతో మాట్లాడినంత వరకే వచ్చు. కరువు జిల్లాల్లో తీవ్రవాదం ఎలా మొలకెత్తుతుంది అన్నది ఆయన పరిశోధన. అసలు ఇక్కడ మొలకెత్తిందా అని ముందు ఎవరూ అడగలేదు. నేను ఆయన దగ్గర పీహెచ్‌డీకి చేరిన కుర్రవాణ్ణి. టేపురికార్డరు భుజాన వేసుకుని ఊళ్లు తిరగడం నా వంతు, ఫ్యాను కింద కూర్చుని వాటికి అర్థం చెప్పడం ఆయన వంతు.

ఎమ్మిగనూరులో అప్పుడు మగ్గాలకు నూలు అందక నేతగాళ్లు మీటింగులు పెట్టుకుంటున్నారు. అక్కడ గట్టిగా మాట్లాడే కుర్రవాడు బసవరాజు. టీచరు ట్రైనింగు పూర్తిచేసి, బడిపంతులు ఉద్యోగానికి ఎంపికై, ఆర్డరు కోసం ఎదురుచూస్తున్నాడు. నేను మాటిచ్చింది అతని తల్లికే. ఆమె మగ్గం ఆపకుండా మాట్లాడింది. టేపులో ఇప్పటికీ మాటకూ మాటకూ మధ్య మగ్గం చప్పుడే.

"మీ పిల్లాడు మీటింగుల్లో బాగా మాట్లాడతాడంట గదమ్మా. ఏ పార్టీ?" అని అడిగాను.

ఆమె నవ్వింది. "పార్టీ ఏంది నాయనా? వానికి యా పార్టీ లేదు. మావోడు. మావోడంటే మావోడే."

ఏ పార్టీ వాడూ కాదు, మా వాడు, ఈ వీధి పిల్లాడు అని. ఇందులో అర్థంకానిది ఏముంది చెప్పు? ఆమె అన్నది అన్నట్టే కాగితం మీద రాసి ఇచ్చాను. గైడు దాన్ని ఇంగ్లీషు చేశాడు. తన కొడుకు మామూలు పార్టీల మనిషి కాడని, మావో మనిషని ఆ తల్లి గర్వంగా ఒప్పుకుందని రాశాడు. 'మావోడు' అంటే మావో అనుచరుడట. ఆ ఒక్క మాట మీద ఒక అధ్యాయం కట్టాడు. టేపు మొదట్లో ఆమె చెప్పుకున్న పేరు, వీధి, ఊరు తీసి అడుగున వేశాడు. ఆ అధ్యాయంలో ఒక ముక్క ఇంగ్లీషు పేపర్లో వ్యాసంగా వచ్చింది.

ఆ వ్యాసం చదివిన అధికారి ఎవరో, దాన్ని ఎమ్మిగనూరు పంపిందెవరో నాకు తెలియదు. పోలీసాయన ఇంటి ముందు నిలబడి "ఏమ్మా, మావోడు యాడుండాడు?" అని అడిగాడట. పిచ్చితల్లి, ఉద్యోగం కాగితం వచ్చిందనుకుంది. "మావోడు ఈడే ఉండాడు సార్, అన్నం తింటాండాడు. పిల్చేదా?" అంది.

అన్నం ముందు నుంచి లేపి అతన్ని పట్టుకుపోయారు. కొన్నాళ్లకు వదిలేశారు. కేసు కూడా పెట్టలేదు. బడిపంతులు ఆర్డరు మాత్రం ఆగిపోయింది. మళ్లీ రాలేదు.

నేను గైడు గదిలోకి వెళ్లి అడిగాను. ఆయన కోప్పడలేదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. "నువ్వు 'మా వాడు' అని రాసి ఉంటే ఈ పొరపాటే జరిగేది కాదు. ఎవరైనా పుస్తకాల తెలుగే రాస్తారు" అన్నాడు. "ఆమె నోటి మాటను నేనెలా మారుస్తాను సార్? అయినా పేరు రాయనని మాటిచ్చాను గదా" అన్నాను. "పేరు లేకపోతే ఆధారానికి బలం ఉండదయ్యా. రెండో ముద్రణలో చూద్దాం" అన్నాడు. రెండో ముద్రణ వచ్చింది, మూడోది వచ్చింది. ఆ పేజీ మారలేదు.

నేను పరిశోధన వదిలేసి, రాజంపేటలో జూనియర్ కాలేజీ లెక్చరరుగా చేరి, పిల్లలకు రాజ్యాంగం చెప్పుకుంటూ రిటైరయ్యాను. ఆయన పెద్దవాడయ్యాడు. ప్రభుత్వాలు కమిటీల్లో వేసుకున్నాయి. తీవ్రవాదం మీద సెమినారు ఎక్కడ పెట్టినా మొదటి కుర్చీ ఆయనదే. ఆకలి మీద ఉపన్యాసం ఇచ్చి భోజనాలకు లేచే ఆ మేధావులు ఎవరైనా ఎమ్మిగనూరు బస్సెక్కి, ఆ తల్లిని "నువ్వు నిజంగా ఏమన్నావమ్మా?" అని అడిగారా? నేను ఎన్ని పత్రికలకు రాశాను! వేసుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. రాజంపేట లెక్చరరుకు అసూయ అన్నారట. ఆయన పోయినప్పుడు వచ్చిన సంతాప వ్యాసాలన్నీ పట్టుబట్టి చదివాను. ఒక్కదాంట్లోనూ ఎమ్మిగనూరు లేదు.

ఇప్పుడు ఆయన పేరు మీద ఫెలోషిప్. దానికి ఎంపికైంది మా ఇంటి కోడలు.

ఇక నువ్వు మన్నించాల్సిన విషయం. పోయిన గురువారం నేను మంత్రాలయం వెళ్లాను. దర్శనానికని ఇంట్లో అబద్ధం చెప్పాను. "నాయనా, నీకు జొరమేమన్నా వచ్చిందా?" అని సుధీర్ నుదురు పట్టి చూశాడు. "పోనీలేరా, ఈ వయసులోనన్నా దేవుడు గుర్తొచ్చినాడు" అంది మీ అత్త. తనూజ పరిమళ ప్రసాదం తెమ్మంది. నేను వెళ్లింది దేవుడి కోసం కాదు, బసవరాజు కోసం. అక్కడ తుంగభద్ర దారిలో అతనికి తువ్వాళ్ల అంగడి ఉందని పాత విద్యార్థి ఒకడు చెప్పాడు. అతని నోట 'వద్దు' అనిపించుకుని, అది తెచ్చి నీకు రాద్దామని నా పథకం. నేను వద్దంటే అది ముసలివాడి పంతమౌతుంది. అతను వద్దంటే నువ్వు ఎదురు చెప్పలేవు. చూశావా అమ్మా, నీ భవిష్యత్తును అడ్డం పెట్టి నా పాత లెక్క సరిచేసుకుందామనుకున్నాను.

"టవలు కావాల్నా సార్? అచ్చం నూలుది. ఏట్లో మునిగి తుడుచుకుంటే ఒళ్లు గీరుకోదు" అన్నాడు, తలెత్తకుండానే.

నేనెవరో చెప్పాను. కళ్లద్దాలు పైకెత్తి చూశాడు. "టేపురికార్డు సారు! అప్పుడు మీకు జుట్టుండె గదా సార్!"

"నీకు అప్పుడు కోపం ఉండె గదప్పా" అన్నాను.

"ఇప్పుడూ ఉండాది. అంగడి తీసేటప్పుడు పక్కన పెడతా. ల్యాకుంటే గిరాకీ రాదు" అన్నాడు.

స్టూలు వేసి, టీ తెప్పించాడు. తల్లి పోయి చాలా ఏళ్లయిందట. నా సంగతి ఎప్పుడైనా ఎత్తేదా అని అడగాలనుకున్నాను. అతనే చెప్పాడు. "మా అమ్మ మిమ్మల్ని ఏమీ అనలేదు సార్. 'ఆ పిల్లోనికి మనం చెప్పింది అర్థమయింది, రాసుకున్నోళ్లకే అర్థం కాలేదు' అనేది."

నా కళ్లజోడు మసకబారింది. ఫెలోషిప్ సంగతి చెప్పాను. అతను ఒక తువ్వాలు మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచాడు.

"మీ కోడలు ఏం చదువుతాంది సార్?"

"తీవ్రవాదం గురించే."

"ఇంగా ఐపోలేదా ఆ చదువు?" అని పెద్దగా నవ్వి, ఉన్నట్టుండి ఆగాడు. "తీస్కోమనండి."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. "అదేందప్పా? ఆయన పేరు మీద పెట్టింది!"

"అందుకే తీస్కోమనేది. ఈయమ్మి వద్దంటే ఇంగొకరు తీస్కుంటారు. వాళ్లకు మా అమ్మ తెల్సునా? ఆయప్ప ఫోటోకు దండేసి పోతారు. మీ కోడలైతే ఆ మాట దిద్దుతాది. అచ్చులో తప్పయింది, అచ్చులోనే దిద్దల్ల."

"పేరు లేకుండా రాయిస్తాను బసవరాజూ. మీ అమ్మకు మాటిచ్చాను."

"పేరు పెట్టి రాయమనండి సార్" అన్నాడు. గొంతు మొదటిసారి గట్టిపడింది, పాత మీటింగుల్లో లాగా. "సిద్దమ్మ అని రాయమనండి. తప్పు మాట కింద మా అమ్మ పేరు ఇన్నేండ్లు ఉండాది. సరైన మాట కింద ఉండొద్దా?"

ఇందాకటి నుంచి నీకు ఆమె పేరు రాయకుండా దాటేస్తూ వచ్చింది ఆ మాట కోసమే. అది ఆమె కొడుకు నాకు తిరిగి ఇచ్చేశాడు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. సిద్దమ్మ.

వచ్చేటప్పుడు ఒక చిన్న తువ్వాలు నా సంచిలో పెట్టాడు. జేబులో చెయ్యి పెట్టబోతే "దుడ్లు వద్దు సార్, మనమరాలికి" అన్నాడు. బస్సు ఎమ్మిగనూరు మీదుగా వస్తుంటే కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆ నేత వీధి ఎటువైపో గుర్తుపట్టలేకపోయాను. ప్రసాదం మరిచిపోయాను. "దేవుని కాడికి పోయి టవలు తెచ్చినావా జేజినాయనా?" అని తనూజ నిలదీసింది. మీ అత్త నా మొహం చూసి, పిల్లను లోపలికి పంపి, "నువ్వు దేవుని కాడికి పోలేదు. యాడికి పోయినావో చెప్పు" అంది. ఆ సాయంత్రం ఆమెకూ సుధీర్‌కూ అంతా చెప్పాను. సుధీర్ లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు, అంతే.

కాబట్టి నా జవాబు ఇది. ఒప్పుకో. మొదటి ఉపన్యాసంలో సిద్దమ్మ అన్న మాటను ఆమె అన్నట్టే పలుకు, అర్థం చెప్పు, ఆ తర్వాత అచ్చు వేయించు. నా టేపు సుధీర్ ఎవరి దగ్గరో ఫోనులోకి ఎక్కించాడు, నీకు పంపుతాడు. మగ్గం చప్పుడు తీసేయనివ్వకు.

నీ చిక్కుకు జవాబు కూడా ఆ మాటలోనే ఉందని నాకు అనిపిస్తోంది. నువ్వు కలుస్తున్న పిల్లల్ని ఇంట్లో, వీధిలో, బడిలో ఎవరైనా గట్టిగా 'మావోడు' అన్నారా? అనలేదు కాబట్టే ఏ గుంపు ముందుగా ఆ మాట అంటే దానిలో పోయి పడుతున్నారేమో. వాళ్లు నువ్వు ఎవరి మనిషివని అడిగితే విసుక్కోకు. వాళ్లు ఎవరి మనుషులో తెలియక అడుగుతున్నారు. నాకు పీహెచ్‌డీ లేదు గనక ఇది సిద్ధాంతం కాదు, మామ మాట.

నిన్ను ఎవరైనా అడిగితే మాత్రం నువ్వు తడుముకోవద్దు. నువ్వు మాయమ్మివి, మా ఇంటి పిల్లవి. ఏ పార్టీ మనిషివీ కావు, ఏ గైడు మనిషివీ కావు, చివరికి ఈ మామ కోపం మోయాల్సిన మనిషివీ కావు. ఎండలో తిరిగేటప్పుడు నీళ్లు తాగు. వీలైనప్పుడు ఒకసారి వచ్చిపో, తనూజ నిన్ను ఫోనులోంచి బయటికి గీయాలి.

ఇట్లు,
మీవోడు,
నీ మామ.

తా.క.: ఉపన్యాసంలో ఆయన పేరు నువ్వు ఎలాగూ పలకాలి. గౌరవంగానే పలుకు. ఆయన మంచి ఇంగ్లీషు రాశాడు, ఎంతోమందికి చదువు చెప్పాడు, అవన్నీ నిజం. బసవరాజు ఆయన్ను క్షమించాడో లేదో నేను అడగలేదు. నేను క్షమించలేదు, ఇక ఈ వయసులో నేర్చుకోను. పేరు పలకకుండా నిందిస్తే ఆ నింద ఎవరి గడపలోకి పోతుందో తెలియదు. ఆయన తప్పుకు ఆయన పేరు లేక, ఒకసారి అది సిద్దమ్మ గడపలోకి పోయింది. అందుకని ఇన్నేళ్ల తర్వాత నా చేత్తో రాస్తున్నాను. ఆ తల్లికి నేనిచ్చిన మాట తప్పినవాడు, ఆ కుర్రవాడి బడి పోగొట్టినవాడు, దిద్దడానికి చేతిలో పేజీ ఉండి కూడా దిద్దనివాడు ప్రొఫెసర్ జయపాల్.