ఆఖరి పది నిమిషాల మీద హక్కు

కృష్ణగిరి జిల్లా, హోసూరు పక్కన మూకండపల్లిలో కాపురముంటూ, కరపత్రాలు రాసి అచ్చువేసుకుని బతికే వెంకటేశప్ప అనే నేను, యాభై నాలుగేళ్ళ వయసులో సొంత చేత్తో రాస్తున్న వీలునామా ఇది. వచ్చే వారం బెంగళూరులో నా గుండెకు ఆపరేషన్. గుండె సంగతి డాక్టర్లు చూసుకుంటారు. బుద్ధి మాత్రం సరిగానే ఉంది. వాదనలో నా మీద గెలిచామని చెప్పుకునేవాళ్ళే దానికి సాక్ష్యం. పిచ్చివాడి మీద గెలిచానని ఎవడూ చెప్పుకోడు. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఆ శక్తి ఉన్న మనిషి నా భార్య కాత్యాయని ఒక్కతే. ఆమె ఈ కాగితం ఇంకా చూడలేదు.

పోయిన నెల రాసిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. ఎందుకన్నది అయిదో అంశంలో ఉంది. కృష్ణగిరిలో వకీలుగా ఉన్న నా కూతురు నమిత దీన్ని అమలు జరపాలి.

1. నా శవం దగ్గర మంత్రాలు, పిండాలు వద్దు. బతికినన్నాళ్ళు ఏ పురోహితుల మీద రాశానో వాళ్ళ చేతుల మీదుగా నన్ను పంపించవద్దు. సంతాపసభ పెట్టుకోండి. ఎవరైనా మాట్లాడవచ్చు, బద్రీనాథ్ తప్ప. బద్రీనాథ్ అంటే హోసూరులో బాగలూరు రోడ్డు మీద పెయింట్ల అంగడి ఉన్న బద్రీనాథ్. అతను బాగా మాట్లాడతాడు. కారణం అదే.

2. రాయకోట మామిడితోట మొత్తం మా అక్క పచ్చయమ్మకు. మగపిల్లవాణ్ణని నాన్న దాన్ని నా పేర రాశాడు. సగం తీసుకొమ్మని ఎన్నిసార్లు కాగితాలు తీసుకుపోయినా, "నీ పంచాయితీ నాకొద్దప్పా, కాయలు పంపిస్తే చాలు, పో" అని గేటు దగ్గర నుంచే పంపించేసింది. అక్కా, ఇప్పుడు సగం కాదు, మొత్తం. చచ్చినవాడితో నువ్వు కూడా వాదించలేవు.

3. ముందుగది కిటికీకి ఉన్న చెక్క పట్టీల తెర, దాని కిందున్న టేబుల్ లైటు నమితకు. ఆ తెరలోంచి గోడ మీద పడే చారల నీడ కోసమే దాన్ని కొన్నాను. వెలుతురు రాదని ఇంట్లో అందరూ గొణిగారు. చిన్నప్పుడు నమిత ఆ చారల్లో కూర్చుని, "నాన్నా, నేను ఇప్పుడు జైల్లో ఉండానా, బయట ఉండానా?" అని అడిగేది. అంత మంచి ప్రశ్న ఆ తరువాత ఏ కోర్టులోనూ అడిగి ఉండదు.

4. నా నలుపు తెలుపు సినిమాల ప్రదర్శనలకు వచ్చి మొదటి పాత్ర ప్రవేశించేలోపే నిద్రపోయే అల్లుడు దర్శన్‌కు నా బూరుగుదూది దిండు. "రంగుల్లో ఉంటే మేలుకోనుంటాను మామా" అంటాడు. ఉండడు. అయినా మంచివాడు.

5. సినిమాలు. రెండు ఇనుప పెట్టెల్లో ఉన్న నలుపు తెలుపు నేర సినిమాల డిస్కులు, అమెరికాలో డెబ్బై ఎనభై ఏళ్ళ కిందట తీసినవి.

వీటిలో గొప్ప, తరువాత ఏమవుతుందో తెలియకపోవడం అంటారు. నేను ఒప్పుకోను. ఆ మనిషి చెడిపోతాడని మొదట్లోనే మనకు తెలుస్తుంది, వాడికీ తెలుస్తుంది. తెలిసీ మెట్లెక్కి ఆ తలుపు తడతాడు. మన గుండె కొట్టుకునేది అక్కడ. మన సినిమాల్లో హీరోకు ముఖమంతా వెలుగే. వీటిలో సగం ముఖం వెలుగు, సగం చీకటి, ఏ సగం నిజమో ఆ మనిషికే తెలియదు. ఇంకొకడి ఇల్లు కావాలి, ఇంకొకడి కారు కావాలి, ఇంకొకడి పెళ్ళాం కావాలి. అసూయ ఆడవాళ్ళ జబ్బని మనవాళ్ళు కథలల్లి పెట్టారు. ఆ సినిమాల్లో అది నెత్తిన టోపీ పెట్టుకుని, సిగరెట్టు ముట్టించుకుని, మగవాడి ముఖంతో వస్తుంది. ఫ్యాక్టరీ మనుషులకు వీటిని చూపించాలని నేను పట్టుబట్టింది అందుకే.

ప్రతి శనివారం సాయంత్రం యూనియన్ హాల్లో వేసేవాళ్ళం. ఇంగ్లీషు అందరికీ రాదు గనక మైకు పట్టుకుని నేనే తెలుగులో, మధ్య మధ్య తమిళం, కన్నడం కలిపి చెప్పేవాణ్ణి. మా పద్ధతి ఏమిటంటే ఆఖరి పది నిమిషాలు చూపించం. సినిమా ఆపి, లైట్లు వేసి, తప్పు ఎవరిదని అడుగుతాను. "మొగుడు అట్లాంటోడైతే ఆ యమ్మ ఏమి చేస్తుందన్నా" అని లేత్ పని చేసే సెల్వి లేస్తుంది. "ఇడిసిపెట్టి పోవల్ల, చంపేదేల?" అని వెనక నుంచి యశ్వంత్. ముగింపు ఎందుకు చూపించనంటే, తప్పు చేసినవాడు తెర మీద తప్పించుకోరాదని ఆ కాలంలో అక్కడ ఒక కట్టడి ఉండేది. కథ ఎంత నిజం చెప్పినా చివరికి పోలీసుల చేతిలో పెట్టాలి. ఆ ముగింపు కథ రాసినవాడిది కాదు, కట్టడి చేసినవాళ్ళది. ఈ మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను.

ఇక బద్రీనాథ్. కాత్యాయనిని పుట్టింటివాళ్ళు ఇవ్వాలనుకున్నది అతనికే. ఆమె కులం దాటి వచ్చి నన్ను చేసుకుంది. అతను దాన్ని మనసులో పెట్టుకోలేదు. పెళ్ళికి వచ్చాడు, హాలుకూ వచ్చాడు, నన్ను అడిగే నా డిస్కులన్నిటికీ నకళ్ళు తీసుకున్నాడు. మనసులో పెట్టుకుని ఉంటే నేను సహించేవాణ్ణి.

ఈ ఎండాకాలంలో కాత్యాయని ఆదివారం మధ్యాహ్నం సంతకని పోయి ఖాళీ సంచితో తిరిగి రావడం మొదలైంది. నేను అడగలేదు. కనబడకుండా వెనకే పోయాను. ఇన్నేళ్ళు చూసిన సినిమాలు నేర్పినది అదే. టోపీ బదులు గొడుగు, అంతే తేడా. బద్రీనాథ్ అంగడి షట్టర్ దించి ఉంది. పక్క మెట్ల మీద ఆమె చెప్పులు. వాటి చుట్టూ ఇంకా చాలా చెప్పులున్నాయి గానీ నాకు కనబడింది ఆ ఒక్క జతే. మెట్లెక్కి తలుపు తోశాను.

నా శనివారం జనమంతా అక్కడ కూర్చుని ఉన్నారు. ముందురోజు నేను ఆపిన సినిమా, ఆపిన చోటు నుంచి నడుస్తోంది. కాత్యాయని పక్కన బద్రీనాథ్ కూర్చుని, తెర మీది మాటలు ఆమెకు మెల్లగా తెలుగులో చెబుతున్నాడు. అది నా పని. "రాప్పా వెంకటేశప్పా, నిలబడుండావేల, కూర్చో" అన్నాడు, ఏమీ జరగనట్టు. నిజంగానే ఏమీ జరగలేదు. ఏదైనా జరిగి ఉంటే నాకొక వాదన ఉండేది.

ఇంటికొచ్చాక కట్టడి సంగతి మళ్ళీ మొదలుపెట్టాను. కాత్యాయని సంచి మేకుకు తగిలించి చెప్పింది: "సినిమాలో ఆ యమ్మా, వాడూ పట్టుపడతారని నాకూ తెలుసు, ఆ పోలీసోళ్ళు ఎవురికి కావల్ల? పట్టుపడేటప్పుడు వాళ్ళిద్దరూ ఒకర్నొకరు యెట్లా చూసుకుంటారో, అది చూడాలని పోయినాను. నువ్వు సరిగ్గా ఆడ ఆపేస్తావు." దీనికి నా దగ్గర జవాబు ఉంది. ఇంకా రాయలేదు. కానీ నా కడుపు మండేది వాదన పోయినందుకు కాదు. ఆ చూపును ఆమె అతని పక్కన కూర్చుని చూసింది.

అందుకే పాత వీలునామాలో ఒక షరతు పెట్టాను: కాత్యాయని ఆ మేడ ఎక్కితే డిస్కులన్నీ కాల్చేయాలి. నమిత చదివి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. "రాయచ్చు నాన్నా. నువ్వు పోయినాక అమ్మ యాడికి పోతాదో చూసేదానికి ఎవుర్ని పెడతావు? ఇట్లాంటి మొగుళ్ళ మీదనే కదా కరపత్రాలు యేసినావు" అంది. వకీలుకు ఫీజు ఇవ్వలేదు గనక ఆమె మాట వినాల్సిన పని లేదు. విన్నాను. రెండు పెట్టెలూ కాత్యాయనికే, ఏ షరతూ లేకుండా. ఆమె ఏ మేడైనా ఎక్కవచ్చు.

6. నేను పోయిన తరువాతి శనివారం నుంచే యూనియన్ హాల్లో ప్రదర్శన నడవాలి. మైకు కాత్యాయనిది. మూడు భాషల పిల్లలకు ఒకే గదిలో లెక్కలు చెప్పిన టీచరు ఆమె. ఆ ఇంగ్లీషు రాకపోయినా, మొదటి మాటలన్నీ హాల్లో నా నోట, ఆఖరి మాటలు ఆ మేడ మీద విని ఉంది. సినిమాను చివరిదాకా నడపాలి, ఆ చూపుతో సహా. తప్పు ఎవరిదన్న ప్రశ్న ఆ తరువాత అడగండి.

ప్రొజెక్టర్ బద్రీనాథ్‌కు ఇస్తున్నాను. దాని వెనక తీగ వదులు. సినిమా నడిచినంతసేపు ఒక మనిషి నిలబడి దాన్ని వేలితో నొక్కి పట్టుకోకపోతే బొమ్మ ఆరిపోతుంది. ఆ మనిషి ఇకమీదట బద్రీనాథ్. తీగ బాగుచేయించరాదు. కొత్త యంత్రం కొనరాదు, అతని మేడ మీది మంచి యంత్రాన్ని హాల్లోకి తేరాదు. ప్రొజెక్టర్ వెనక గోడ దగ్గర, మైకు తెర పక్కన, నడుమ మా జనమంతా. అక్కడికి ఆమె గొంతు అతనికి బాగానే వినబడుతుంది. అంతవరకు ఒప్పుకుంటున్నాను.

ఇది నా చివరి మాట అని, ఇంతకంటే నచ్చిన మాట దొరికితే మార్చుకునే హక్కు బతికున్నంతవరకు నాదేనని చెబుతూ, సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

మూకండపల్లి, 18 జూన్ 2025

(సం.) వెంకటేశప్ప

సాక్షులు:
సెల్వి, లేత్ ఆపరేటర్, మూకండపల్లి
యశ్వంత్, ఫ్యాక్టరీ కార్మికుడు, మూకండపల్లి