ముప్పై ఒక్క దండాలు, ఒక గొంగడి

గోడాదరా, సూరత్

ఎల్లవ్వకు రాజలింగం రాయునది. నేను, నా మగ్గం క్షేమం.

మగ్గాల చప్పుడుకు చెవులు మొద్దుబారి ఫోన్లో నీ మాట వినబడడం లేదు. అందుకే ఉత్తరం. చర్చికి పోయే మా కమలాకర్ చెప్పాడు: రెండు వేల ఏండ్ల కింద పౌలు అనే ఆయన డేరాలు చేసి బతుకుతూ ఊరూరికీ ఉత్తరాలు పంపేవాడట. ఆయన చెబుతుంటే ఇంకొకరు రాసేవారు. అటు పోయేవాళ్లు తీసుకుపోతే అందరి ముందూ చదివేవారు. చివర పేరుపేరునా దండాలు. మరచిపోయిన పైబట్ట తెమ్మని కూడా రాశాడట!

నేనూ బస్సు డ్రైవర్ సోమలింగం చేతికిస్తున్నా. అందరికీ చదివించు. మన సుమన్‌కు, అంబదాస్‌కు, వినోదకు, నర్సింగం మామకు దండాలు. ఇక్కడ గది దొరికింది. రెండేండ్లుగా రానంటున్నావు, ఈసారైనా రా.

రాజలింగం

తా.క. నా గొంగడి అక్కడే మరిచాను. పంపు.

సిరిసిల్ల

సుమన్ బాపుకు ఎల్లవ్వ దండాలు. నేను చెప్తున్న, పక్కింటి లత రాస్తున్నది.

వాకిట్ల అందరిని కూసోబెట్టి చదివిపిచ్చిన. ఏం లాభం? నీ చెల్లె సారక్క పేరే లేదు! "గొంగడి యాదికున్నది గని చెల్లె యాదికి లేదా?" అని గొంగడి పట్టుకపోయింది. మీ పంచాది తెగేదాక నేను సూరత్ రాను.

ఎల్లవ్వ

తా.క. ఇది రాసిన లత కూడా పెదబాపుకు దండాలు చెబుతోంది. నా పేరూ లేదు మరి.

గోడాదరా

సిరిసిల్లలోని మావాళ్లందరికీ,

తప్పయింది. ఈసారి ఒక్కరినీ వదల్లేదు. మొదటి దండం చెల్లె సారక్కకు. మిగతావి వెనకాల రాశాను, మేకతో కలిపి ముప్పై ఒకటి. లతా, పౌలు ఉత్తరం రాసిపెట్టినాయన కూడా నీలాగే నడుమ తన దండం దూర్చాడట!

మీ రాజలింగం

తా.క. గొంగడి?

సిరిసిల్ల

పెదబాపుకు లత నమస్కారం.

సారక్క ఏడ్చి, నవ్వి, గొంగడి తెచ్చిచ్చింది. మేక పేరు రాగానే అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ పేరు మాత్రం రాలేదు. ఇక ఉత్తరం చెప్పనంటోంది.

లత

తా.క. మేక క్షేమం.

గోడాదరా

ఎల్లవ్వా, ఎల్లవ్వా, ఎల్లవ్వా!

మూడు దండాలూ నీకే. ముప్పై ఒక్కమందిని తలుచుకుంటూ, మరిచిన పేరు గుర్తుచేసిన నిన్నే మరిచాను. నువ్వు లేక గది బోసిగా ఉంది. పౌలు ఒక ఉత్తరం చివర తన చేత్తోనే పెద్ద పెద్ద అక్షరాలు రాశాడట. నీకు రాత రాదు, వేలిముద్రైనా పెట్టి పంపు.

నీ రాజలింగం

తా.క. ఆయన ఉత్తరం ఒకటి దూరదేశానికి ఓ ఆడమనిషే తీసుకుపోయిందని అంటారట. సోమలింగం కంటే నయం, చాయ్ మరక పడి ఉండదు.

సుమన్ బాపుకు,

నేనే రాసిన. చూడు, ఎంత పెద్ద అక్షరాలో! లత ఇరవై రోజులు నేర్పింది. అలిగి కాదు చప్పుడు చెయ్యంది. జర అలిగిన. ఇది ఎవ్వరికి చదివిపియ్యలే. గొంగడి పంపను.

ఎల్లవ్వ

తా.క. తలుపు కొట్టి కొట్టి చెయ్యి నొస్తున్నది. నీకు వినపడదని ఈ ఉత్తరం తలుపు కిందికెళ్లి తోసిన. గొంగడి నా భుజం మీదున్నది. లేచి తలుపు తియ్యి.