తాత క్రిస్ కత్తి గురించి

నూర్హైనా అక్కకి, జాంబోవాంగాలో నేను బాగానే ఉన్నాను. నాన్న కంట పడకూడదని ఈ కార్డు నీ బడికి రాస్తున్నా.

నిన్న నేను పనిచేసే పాత సామాన్ల కొట్టుకి ఒకడు అమ్మకానికి తెచ్చిన క్రిస్ కత్తి మన తాతది. పిడి దగ్గర వెండి పట్టీ ఒకటి, నాన్న వేసిన రాగి పట్టీ ఒకటి. "ఎక్కడిదయ్యా?" అంటే, "హోలోలో మెరుగుపెట్టేవాడు అమ్మాడు" అన్నాడు. నాన్న మన కత్తిని మెరుగుకిచ్చింది వాడికేగా!

మరి మనింట్లో పసుపు గుడ్డలో ఉన్నదేమిటి? పట్టీలు చూసి నమ్మకు, అవి ఎవడైనా చేస్తాడు. పాత కత్తికి కోసే అలుగు, పిడి దగ్గర దాని మొదట్లో ఉండే అడ్డముక్క వేరువేరుగా చేసి అతుకుతారు. వెలుగులో పడితే అతుకు సందు కనిపిస్తుంది. కొత్తవి ఒకటే ముక్క, అతుకులా కనపడాలని ఉత్త గీత గీస్తారు.

అమ్మ దగ్గు తగ్గిందా? ఎండుచేపలు పంపకండి, ఇక్కడ పిల్లులు బతకనివ్వడం లేదు.

గీతే ఉంటే నోరెత్తకు. అసలుది కొని నా దగ్గరే దాచా, పండక్కి తెచ్చి గుట్టుగా మార్చేస్తా. అందాకా శుక్రవారం శుక్రవారం నాన్నని దానికే నూనె రాసుకోనీ.

అందరికీ సలాములు.
తమ్ముడు హసిరిన్