కాటుకతో అద్దిన రాయి

మండపేట, మంగళవారం.

అమ్మకు హారతి నమస్కారాలు. అందరం బాగానే ఉన్నాం, కంగారు పడకు.

నువ్వు పెళ్లికి పెట్టిన ఉంగరంలో నలుచదరం రవ్వ కదులుతోందని మా వీధి కంసాలి సత్యలింగాచారి గారి చేత బిగింపించాం. ఇంటికి తెచ్చి చూస్తే రాయి ఒక పక్క వెంట్రుకవాసి పొడుగ్గా కనిపించింది. "చదరం రాయి ఇలాగే ఉంటుందా అత్తయ్యగారూ?" అన్నాను, అంతే. "రాయి మార్చేశాడే ఆచారి!" అని ఆవిడ వీధంతా వినేలా అరిచారు. అది విని ఆచారి గారు కొట్టులోంచి పరిగెత్తుకొచ్చారు. "కోతలోనే అలా వస్తుందండి. ఏ రాయీ నిక్కచ్చిగా చదరం ఉండదండి" అని ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. పై శుక్రవారం పెద్దల్లో పెడతారట. నేను ఇదివరకు ఆ రాయిని సరిగ్గా చూడనేలేదమ్మా.

ఈ కార్డు మూల కాటుకతో అద్దిన ముద్ర దానిదే. నీ ముక్కుపుడకలో ఉన్నది దాని జత రాయే కదా, పక్కనే అద్ది చూడు. రెండూ ఒకలాగే ఉంటే వెంటనే అత్తయ్యగారికి ఫోన్ చెయ్యి. ఆవిడ ముందు నాకు నోరు పెగలదు.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? లేసు దారం రెండు బంతులు పంపు. పిన్నిని అడిగానని చెప్పు. ఆచారి గారు నిన్నటి నుంచి కొట్టు తెరవలేదు.

నీ కూతురు
హారతి